డీజే స్టెంట్ ఉన్నవారికి హెచ్చరిక: యాప్‌లో టామ్సులోసిన్ అడిగితే ఏం పంపారో చూడండి

యాప్ పేరు రాయను, వాడేవారికి ఎలాగూ తెలుస్తుంది. మూత్రనాళంలో రాయి తీసి, లోపల డీజే స్టెంట్ (మూత్రపిండం నుంచి మూత్రాశయం దాకా ఉండే, రెండు చివరలా చుట్టుకున్న సన్నని మెత్తని గొట్టం) ఉంచి నన్ను ఇంటికి పంపారు. స్టెంట్ కింది చుట్ట మూత్రాశయం గోడను రాస్తూ ఉండటం వల్ల వెళ్ళి వచ్చిన మరుక్షణమే మళ్ళీ వెళ్ళాలనిపిస్తుంది. మూత్రం పోసే ప్రతిసారీ అందులో కొంత స్టెంట్ గుండా మూత్రపిండం వైపు ఎగదన్నడంతో నడుములో పోటు లేస్తుంది. దీనికి డాక్టరు రెండు మందులు రాశారు: మూత్రనాళం అడుగున, మూత్రాశయం మెడ దగ్గర ఉండే కండరాన్ని సడలించే టామ్సులోసిన్ 0.4 మిల్లీగ్రాములు, మూత్రాశయం అదేపనిగా బిగుసుకోకుండా చూసే సోలిఫెనసిన్ 5 మిల్లీగ్రాములు. బాధ పూర్తిగా పోదని, నిద్ర పట్టేంతవరకు తగ్గవచ్చని ఆయన ముందే చెప్పారు.

చీటీ ఫోటో పెట్టి, డబ్బు కట్టి ఎదురుచూశాను. సోలిఫెనసిన్ సరిగానే వచ్చింది. రెండో పెట్టె విప్పి పట్టీ తిప్పి చూస్తే టామ్సులోసిన్ కింద మరో పేరు ఉంది: డ్యుటాస్టరైడ్ 0.5 మిల్లీగ్రాములు. అది పెరిగిన ప్రోస్టేట్ గ్రంథిని కుదించడానికి పురుషులకు ఇచ్చే మందు. స్టెంట్ బాధకు దానితో పనే లేదు. స్త్రీలు వాడకూడదు సరికదా, చర్మం గుండా కూడా లోపలికి పోతుంది కనుక, గర్భిణులు కారుతున్న క్యాప్సూల్‌ను చేత్తో ముట్టుకోవడం కూడా గర్భంలోని మగశిశువుకు ప్రమాదం. నేను స్త్రీనని వాళ్ళ బిల్లు మీద వాళ్ళే అచ్చువేశారు.

ఫోన్ చేస్తే ఫార్మసిస్టునని చెప్పుకున్న వ్యక్తి, "అందులోనూ టామ్సులోసిన్ ఉంది కదమ్మా, ఇంకొకటి అదనంగా వచ్చింది, నష్టమేముంది?" అన్నాడు. ఆ అదనపు మందు స్త్రీలకు పనికిరాదు కదా అని అడిగాను. అతను నవ్వాడు. "అసలు టామ్సులోసినే ప్రోస్టేట్ మందు. ఆడవాళ్ళకు ఎందుకు రాశారో వెళ్ళి మీ డాక్టరునే అడగండి" అన్నాడు. ఆ నవ్వు నాకు ఇంకా చెవిలోనే ఉంది. స్టెంట్ వేసిన స్త్రీలకూ ఈ మందు రాస్తారు, ఎందుకంటే అది సడలించే కండరం స్త్రీలకూ ఉంటుంది. ఈ పాటి సంగతి తెలియకపోతే పోనీ అనుకుందాం. ప్రోస్టేట్ మందు స్త్రీకి తగదని అంత గట్టిగా నమ్మిన మహానుభావుడు, అచ్చంగా ప్రోస్టేట్ కోసమే ఉన్న రెండో మందును కూడా కలిపి అదే స్త్రీకి ఎలా పంపాడు?

వాపసు అడిగితే, పెట్టె విప్పారు కనుక కుదరదన్నారు. విప్పకుండా పట్టీ మీది అక్షరాలు చదివే విద్య నాకు రాదు. ఆర్డరు పేజీ అడుగున "ప్రత్యామ్నాయం పంపవచ్చు" అనే గడిలో ముందే టిక్కు ఉందట, దాన్ని నేను తీసేయలేదట. నడుము పట్టుకుని వంగిపోయి ఉన్నా, ఆ చీమతలకాయంత అక్షరాలు భూతద్దం పెట్టి చదవడం నా ధర్మం కాబోలు. ఆ రాత్రి మందు లేకుండానే గడిచింది. తెల్లవారేసరికి సేవ ఎలా ఉందో చుక్కలు ఇవ్వమని సందేశం వచ్చింది.

కొనేవారు ఆ టిక్కు తీసేయండి, బ్రాండు పేరు కాకుండా పట్టీ మీద ఉన్న మందుల పేర్లన్నీ చీటీతో సరిపోల్చండి. టామ్సులోసిన్ వేసుకున్నాక లేచి నిలబడితే తల తిరగవచ్చు, నెమ్మదిగా లేవండి. కంట్లో నీటికాసులు ఉన్నవారు సోలిఫెనసిన్ మొదలుపెట్టే ముందే డాక్టరుకు చెప్పండి. స్టెంట్ ఉండగా చలిజ్వరం వస్తే మాత్రం ఏ పార్సిల్ కోసమూ ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి.