జమ్ము వేరును చూడడానికి కొల్లేరు ప్రయాణం

కొల్లేటికి ఎక్కువమంది పక్షుల కోసం వెళ్తారు. ఈ జనవరిలో మేము వెళ్ళింది మాత్రం, ఆ పక్షులు వాలే జమ్ము, కిక్కిస, తుంగ వంటి నీటిగడ్డి మొక్కలు నీటిని ఎలా శుభ్రం చేస్తాయో వాటి వేళ్ళ దగ్గరే చూడాలని. బుడమేరు, తమ్మిలేరు మోసుకొచ్చే వరదతో పాటు ఊళ్ళ మురుగు, చేలల్లో మిగిలిన ఎరువు కూడా ఇక్కడికే చేరి, ఉప్పుటేరు మీదుగా సముద్రంలో కలుస్తాయి. ఆ దారిలో నీరు ఎంత నిదానంగా గడ్డి గుండా సాగితే అంత బాగా తేరుతుంది.

మొదటి రాత్రి కైకలూరులో ఒక లాడ్జిలో దిగాము. గది చిన్నదే అయినా దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, తెల్లవారుజామున అడగగానే వేడినీళ్ళు ఇచ్చారు, పైగా ఆటపాక పక్షుల కేంద్రం పక్కనే. రెండో రాత్రి ఏలూరు హోటల్లో గదీ భోజనమూ ఎంతో మెరుగు, కానీ అక్కడినుంచి బయలుదేరితే మంచు విడిపోయాక గానీ సరస్సు చేరలేము. ఒక్క రాత్రే వీలున్నవారు కైకలూరులో దిగడమే మంచిది.

ఆటపాకలో పడవ షికారుకు పెట్టిన డబ్బు దండగ కాదు. ఇనుప మంచెల మీద గూడబాతులు గూళ్ళు కట్టుకుని ఉంటాయి. మోటారు ఆపమని అడిగితే పడవ నడిపే ఆయన వెంటనే ఆపి, గడ్డి అంచున కాసేపు నిలిపారు. అన్ని పక్షుల రెట్టలతో నీటిలో చేరే నత్రజని, భాస్వరం ఏమవుతాయన్న ప్రశ్న ఆ నిశ్శబ్దంలో మాకు గట్టిగా తోచింది.

జవాబు మరునాడు అభయారణ్యం బయట ఒక పంటకాలువ గట్టు మీద దొరికింది. నడుంలోతు నీటిలో జమ్ము తీస్తున్న పెద్దాయన ఒక దుబ్బును పెకలించి మా ముందు వేశారు. “మొత్తం తీసేస్తే నీళ్ళు తేరవండి, అందుకే గట్టు వారన కొంత వదిలేస్తామండి” అన్నారు. లేత వేళ్ళ కొసలు తెల్లగా ఉన్నాయి. వాటి వెనక భాగం తుప్పు పట్టిన మేకులా ఎర్రగా ఉంది. చుట్టూ అంటుకున్న బురద మాత్రం కాటుక నలుపు, కుళ్ళిన గుడ్డు వాసన. వేలితో రుద్దితే ఎరుపు పొడిలా ఊడి వచ్చింది. ఆకు మొదలును గోటితో చీలిస్తే లోపల వరుసగా గాలి గదులు కనిపించాయి.

ఆ గదుల గుండా దిగిన గాలిలో వేరు వాడుకోగా మిగిలిన ఆక్సిజన్ బురదలోకి ఊరుతుంది. బురదలో కరిగి ఉన్న ఇనుము దానితో కలిసి తుప్పుగా మారి వేరుకు పూతలా పడుతుంది, ఆ పూత భాస్వరాన్ని పట్టి ఉంచుతుంది. ఆక్సిజన్ అందే ఆ సన్నని పొరలోనే కొన్ని బాక్టీరియాలు అమ్మోనియాను నైట్రేటుగా మారుస్తాయి. అక్కడికి కొద్ది మిల్లీమీటర్ల దూరంలో, గాలి సోకని నల్లబురదలో, మరికొన్ని బాక్టీరియాలు ఆక్సిజన్‌కు బదులు ఆ నైట్రేటునే వాడుకుని నత్రజనిని వాయువుగా వదిలేస్తాయి; అది గాలిలో కలిసిపోతుంది. వాటికి కావలసిన మేతలో కొంత, చక్కెరలు, సేంద్రియ ఆమ్లాల రూపంలో, ఆ వేరు తానే విడుస్తుంది. మొక్క తాను తాగినదానికంటే తన చుట్టూ బతకనిచ్చిన ఈ జీవుల వల్లనే నత్రజని ఎక్కువగా పోతుందని తెలిశాక, నాకు జమ్ము పొద కలుపుగా కనిపించడం మానేసింది. జర్మనీలో కేటే సీడెల్ అనే శాస్త్రవేత్త 1950లలోనే ఇలాంటి మొక్కలతో మురుగునీటిపై ప్రయోగాలు మొదలుపెట్టారు.

అయితే నీరు వేళ్ళను తాకుతూ పారాలి. దారి పొడవునా ఆ పారే నీటికి అడ్డుపడే చేపల చెరువుల గట్లు చూస్తుంటే, 2006లో సరస్సులోని చెరువు గట్లను ఎందుకు తొలగించారో అర్థమైంది.

తిరుగు ప్రయాణంలో, మురుగును మొక్కలతోనే శుద్ధి చేస్తామని చెప్పుకున్న ఒక విడిదిలో ఆగాము. గదులు చక్కగా ఉన్నాయి, వంట ఇంకా బాగుంది. వెనక మెట్టతామర నాటిన కంకర మడి మాత్రం బురదతో పూడిపోయి, మురుగు వేళ్ళ జోలికి పోకుండా పైపైనే పారుతూ కంపు కొడుతోంది. ముందు తొట్టిలో మడ్డి తేరనిచ్చి, ఆ మడ్డిని ఎప్పటికప్పుడు తోడకపోతే ఏ మొక్కా ఏమీ చేయలేదు. ఆ మాట నిర్వాహకులకు చెప్పాము, వాళ్ళు తల ఊపారు. ఆ విడిదిని ఇంకెవరికీ సిఫారసు చేయలేను.

హైదరాబాదులో మణికొండ పక్కన నెక్నాంపూర్ చెరువు చివరి మజిలీ. ఇక్కడ 2018లో సుమారు 3,000 చదరపు అడుగుల తేలే తెప్ప మీద వట్టివేరు, మెట్టతామర, జమ్ము వంటివి పెంచారు. తెప్ప కింద బురద ఉండదు, వేళ్ళు నేరుగా నీటిలో వేలాడతాయి, వాటిమీద జిగురుపొరగా పేరుకునే సూక్ష్మజీవులే పని చేస్తాయి. వేళ్ళు గట్టుమీంచి కనిపించవు కాబట్టి, కొల్లేరు చూసి వచ్చినవారికే ఈ చోటు బాగా బోధపడుతుంది. పిల్లలతో ఒక ఉదయం గడపడానికి నగరంలో దీనికంటే మంచి పాఠం నాకు తెలియదు.

ఒక్క సంగతి రెండుచోట్లా సమానం. మొక్క ఒంట్లో చేరిన భాస్వరం, ఆకులు అక్కడే కుళ్ళితే, తిరిగి నీటిలోకే వస్తుంది. కోసినదాన్ని నీటికి దూరంగా తీసుకుపోవాలి. కొల్లేటి గట్టు మీద ఆ పెద్దాయన తీసిన దుబ్బులను నీరు కారే దాకా ఎండలో పరిచి, సాయంత్రానికి ట్రాక్టరు ట్రక్కులోకి ఎక్కిస్తున్నారు.