క్యాన్సర్ చికిత్స ఖర్చుకు దారి చూపే విభాగం: మా అనుభవం, నా అంచనా

మా అక్కకు హెర్‌2 పాజిటివ్ (హెర్‌2 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉండే) రొమ్ము క్యాన్సర్ అని తేలినప్పటి నుంచి, ఆమె చికిత్స పొందిన ఆసుపత్రిలోని వైద్య సామాజిక సేవా విభాగం మాకు తోడుగా నిలిచింది. ఏ సహాయం ఎక్కడ దొరుకుతుందో చెప్పి, దరఖాస్తులు దగ్గరుండి నింపించే ఈ సేవకు రుసుము లేదు. ఆ ఆసుపత్రిలో వైద్యుల తరువాత మాకు ఎక్కువ మేలు చేసినది ఈ విభాగమేనని నిస్సంకోచంగా చెప్పగలను.

అక్కడి సలహాదారు మొదట చేయించిన పని, శస్త్రచికిత్సకు, కీమోథెరపీకి, రేడియేషన్‌కు, ఆపై సాధారణంగా ఏడాది పాటు మూడు వారాలకోసారి ఇచ్చే, హెర్‌2ను అడ్డుకునే మందు ట్రాస్టుజుమాబ్‌కు, ఆ మందు వాడుతున్నంత కాలం తప్పనిసరైన గుండె పరీక్షలకు దేనికది విడిగా ఎస్టిమేట్ రాయించి, వైద్యుని సంతకం, ఆసుపత్రి ముద్ర వేయించడం. సహాయం చేసేవారందరూ ఒకే రకం ఖర్చును భరించరు కనుక ఈ విభజన లేకుండా ఏ దరఖాస్తూ ముందుకు సాగదు. బీమా సంస్థ పాలసీ నియమాలను, పరిమితులను చూస్తుంది. మందుల కంపెనీ తన మందు వరకే చూస్తుంది. దాతృత్వ సంస్థలు చాలావరకు ఒక విడత చికిత్సకు ఇంత అని నిర్ణయించి, సొమ్మును నేరుగా ఆసుపత్రి ఖాతాకే పంపుతాయి. పైగా ఇప్పటికే చెల్లించిన బిల్లులకు చాలా సంస్థలు సహాయం ఇవ్వవు. అందుకే చికిత్స మొదలయ్యే ముందే దరఖాస్తు చేరాలని ఆ సలహాదారు పట్టుబట్టారు.

ఖరీదైన మందు విషయంలో ఆమె సలహా మాకు అన్నిటికంటే ఎక్కువ ఉపకరించింది. ట్రాస్టుజుమాబ్‌కు బయోసిమిలర్లు (అసలు మందుకు దాదాపు సమానంగా పనిచేసేలా ఇతర కంపెనీలు తయారుచేసేవి) ఉన్నాయనీ, అవి అక్కకు తగునో లేదో క్యాన్సర్ వైద్యుణ్ణే అడగమనీ చెప్పారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఈ మందును అత్యవసర మందుల జాబితాలో చేర్చి, 2019లో దాని బయోసిమిలర్‌కు తొలిసారి ప్రీక్వాలిఫికేషన్ (నాణ్యత, భద్రతలను పరిశీలించి ఇచ్చే ఆమోదం) ఇచ్చింది. వైద్యుడు సరేనన్నాక మా భారం స్పష్టంగా తగ్గింది. మందుల కంపెనీ ఉచితంగా మందు ఇస్తుందంటే చాలామంది నమ్మరు. కాని 2001లో అమెరికాలో అనుమతి పొందిన రక్త క్యాన్సర్ మందు ఇమాటినిబ్‌ను, ఆ మరుసటి ఏడాది నుంచే మ్యాక్స్ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ ద్వారా అనేక దేశాల్లోని పేద రోగులకు దాని తయారీ సంస్థ నోవార్టిస్ ఉచితంగా అందించింది. అటువంటి పథకం ప్రతి మందుకూ ఉండదు. ఉన్నదో లేదో అడిగి తెలుసుకోవడం మాత్రం మన పనే.

ఇంటర్నెట్‌లో విరాళాల సేకరణను ఆమె చివరి మార్గంగా ఉంచారు. వేదిక తీసుకునే రుసుము ఎంత, సొమ్ము ఎవరి ఖాతాలో పడుతుంది అన్నవి ముందే చూసుకోమన్నారు. రోగి ఫోటో, రిపోర్టులు ఒకసారి బయటికి వెళ్లాక వెనక్కి తీసుకోలేమని అక్కకే నేరుగా వివరించి, నిర్ణయాన్ని ఆమెకే వదిలారు. ఈ మర్యాదను నేను ఎంతో గౌరవిస్తున్నాను.

లోపాలు లేకపోలేదు. వ్యాధి నిర్ధారణ జరిగిన రోజున ఇలాంటి విభాగం ఉందని మాకు ఎవరూ చెప్పలేదు; మరో రోగి బంధువు చెబితే తెలిసింది. అడిగే ఓపిక లేనివారికే ఈ సేవ ఎక్కువ అవసరం కదా! ప్రయాణాలు, వసతి, సెలవుల వల్ల పోయిన జీతం వంటి వాటికి వారి ఫారాల్లో చోటే లేదు. రోగిపై పడే ఆర్థిక ఒత్తిడిని అంచనా వేయడానికి 2014లో వెలువడిన ‘కాస్ట్’ ప్రశ్నావళిలో ఉన్నవి 11 ప్రశ్నలే. దానిని తొలి సందర్శనలోనే ప్రతి రోగి చేతికీ ఇస్తే, ఎవరికి సహాయం కావాలో ఆసుపత్రికే తెలుస్తుంది.

మీ ఆసుపత్రిలో ఇటువంటి విభాగం ఉంటే, బయాప్సీ రిపోర్టు, వైద్యుడు రాసిన చికిత్సా ప్రణాళిక, ఆదాయ ధ్రువపత్రం, బీమా పాలసీ పూర్తి ప్రతి, రోగి గుర్తింపు పత్రం ఒక్కొక్కటి పలు నకళ్లు తీసుకుని, మొదటి విడత చికిత్సకు తేదీ ఖరారు కాకముందే వెళ్లండి.