మూడేళ్లు వాడాక చెప్తున్నా: ఒకే టైమ్‌లైన్‌లో మూడు రకాల ఫ్రేమ్‌రేట్లు

ఈ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మూడేళ్ల నుంచి వాడుతున్నా. మిగతావన్నీ అందరికీ తెలిసినవే కాబట్టి ఒక్క ఫీచర్ గురించే చెప్తా, వేర్వేరు ఫ్రేమ్‌రేట్ల (సెకనుకి ఎన్ని ఫ్రేములు, అంటే ఎన్ని బొమ్మలు అనే లెక్క) క్లిప్పులు ఒకే టైమ్‌లైన్‌లో (క్లిప్పులు వరసగా పేర్చే పట్టీలో) వేస్తే అదే సర్దుకుంటుంది అంటారే, అది. కొత్తలో దీన్ని తెగ మెచ్చుకున్నా, 24 అయినా 60 అయినా పడేయండి అదే చూసుకుంటుంది అని కనపడ్డవాళ్లందరికీ చెప్పా. కాకపోతే అప్పట్లో నేను చేసేవన్నీ రెండు మూడు నిమిషాల వీడియోలు.

మొన్న 70 నిమిషాల డ్యాన్స్ ప్రోగ్రాం తీశా. ఎదురుగా మెయిన్ కెమెరా 25, పక్కన ఫ్రెండ్ దగ్గర తెచ్చిన కెమెరా 29.97, పాదాల క్లోజప్ కోసం స్టేజి అంచున ఫోన్, దాని సెట్టింగ్‌లో 30 అని ఉంది. ఆడియోతో సింక్ కొడితే మూడూ టక్కున కలిశాయి, మొదటి పావుగంట చూసుకుని హాయిగా పడుకున్నా. తెల్లారి చివరి ఐటమ్ చూస్తే ఫోన్ షాట్‌లో పాదం ముందే నేలకి తగులుతోంది, చప్పుడు తర్వాత వస్తోంది. డ్యాన్స్ వీడియోకి ఇంతకంటే ఘోరం ఏముంటుంది!

ముందు 30కీ 29.97కీ ఉన్న తేడా అనుకున్నా, వెయ్యికి ఒక వంతే అయినా గంటకి 3.6 సెకన్లు అవుతుంది కదా. క్లిప్ స్పీడ్ కొంచెం కొంచెం మారుస్తూ చివర కలిపితే మధ్యలో పోతోంది, మధ్యలో కలిపితే చివర పోతోంది, రెండు రాత్రులు దానికే అయిపోయాయి. మూడో రోజు గమనించా, లైట్లు తగ్గించి చేసిన నెమ్మది పాట దగ్గరే తేడా మొదలైంది, అంతకు ముందు అంతా కరెక్టే. వెలుతురు తగ్గగానే ఫోన్ ఒక్కో ఫ్రేమ్‌కి ఎక్కువసేపు తీసుకుంది, దాంతో సెకనుకి 30 రాలేదు, కొన్నిచోట్ల 28, 29 మాత్రమే వచ్చాయి. ఏ ఫ్రేమ్ ఎప్పుడు తీసిందో ఫైల్‌లో రాసే ఉంటుంది, ఈ సాఫ్ట్‌వేర్ మాత్రం అది చూడకుండా అన్నీ సమాన దూరంలో ఉన్నాయనుకుని వరసగా పేర్చేసింది, ఫ్రేములు తక్కువ కాబట్టి బొమ్మ ఆడియో కంటే ముందుకెళ్లిపోయింది. కనీసం ఒక్క వార్నింగ్ ఇచ్చి ఉంటే ఆ రెండు రాత్రులూ మిగిలేవి, నా కోపమంతా అక్కడే.

చివరికి ఫోన్ ఫైల్‌ని హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో కన్వర్టర్‌లో వేసి కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ (మొదటి నుంచి చివరిదాకా ఒకే రేటు) పెట్టి కన్వర్ట్ చేశా. తక్కువైన చోట ఉన్న ఫ్రేమ్‌నే రిపీట్ చేసి నింపుతుంది. ఆ ఫైల్ తెచ్చి వేస్తే 70 నిమిషాలూ కదలకుండా నిలబడింది, నిజంగా ప్రాణం లేచొచ్చింది.

రెండో కెమెరా, అదే ఫ్రెండ్‌ది, సింక్ బానే ఉంది గానీ పాన్ చేసిన (కెమెరాని పక్కకి తిప్పుతూ తీసిన) షాట్లన్నీ కుదుపులే. 25 టైమ్‌లైన్‌లో దాదాపు ప్రతి ఆరు ఫ్రేముల్లో ఒకటి ఎగిరిపోతుంది కదా మరి. ఆప్టికల్ ఫ్లో (మధ్య ఫ్రేముల్ని సాఫ్ట్‌వేరే ఊహించి తయారుచేసే ఆప్షన్) ఆన్ చేస్తే పాన్ నున్నగా వచ్చింది, కానీ ముద్ర పట్టిన వేళ్లు ఒకదాంట్లో ఒకటి కరిగిపోయినట్టు కనిపించాయి, వెంటనే తీసేశా. ఆ కెమెరావి కదలని షాట్లే ఉంచుకున్నా. 50లో తీసిన క్లిప్పులు మాత్రం 25లో చక్కగా కూర్చుంటాయి, సరిగ్గా సగం కాబట్టి, ఆ విషయంలో నా పాత మెచ్చుకోలు అలాగే ఉంది.

మరి కొనాలా అంటే, చిన్న వీడియోలు చేసేవాళ్లకి, లేదా కెమెరాలన్నీ ఒకే సెట్టింగ్‌లో పెట్టుకోగలిగేవాళ్లకి ఇవేమీ ఎదురుకాకపోవచ్చు. నేను ఒక్కణ్ణే, దొరికిన కెమెరాతో తీస్తా కాబట్టి నాకు తప్పట్లేదు. ప్రస్తుతానికి మానే ఉద్దేశం లేదు, ఫోన్ క్లిప్ మాత్రం ముందు కన్వర్ట్ చేయకుండా టైమ్‌లైన్ మీద పెట్టట్లేదు, సింక్ కూడా చివరి ఐటమ్ నుంచే చెక్ చేస్తున్నా.