గచ్చిబౌలి స్టేడియంలో కచేరీ: స్టేజీకి దగ్గర కాదు, మిక్సర్‌కి దగ్గర కొనండి

2023 ఫిబ్రవరిలో ఇళయరాజా, 2024 అక్టోబరులో దేవిశ్రీ ప్రసాద్ కచేరీలు చేసిన మైదానం ఇది. ఇక్కడ ఎవరి ప్రోగ్రాం పెట్టినా టికెట్ల మ్యాప్ దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. స్టేజీ ముందు నిలబడే ఫ్యాన్ పిట్, దాని వెనక కుర్చీలు, చుట్టూ గ్యాలరీ. స్టేజీకి దూరం జరిగేకొద్దీ రేటు దిగుతుంది. పాటగాడిని చూడ్డానికి వెళ్లేవాళ్లకి ఆ లెక్క సరైనదే. పాట వినడానికి వెళ్లేవాళ్లు మాత్రం మ్యాప్‌లో స్టేజీని కాదు, మైదానం మధ్యలో సౌండ్ మిక్సర్ ఉండే టెంటును వెతుక్కోవాలి.

సౌండ్ ఇంజినీరు తన చెవికి ఏది బాగుంటే దాన్నే సరిచేస్తాడు. అతను కూర్చునేది సాధారణంగా స్టేజీకి ముప్పై, నలభై మీటర్ల దూరంలో. గొంతు ఎంత, వయొలిన్లు ఎంత, తబలా ఎంత అన్న నిర్ణయాలన్నీ అక్కడ వినపడేదాన్ని బట్టే జరుగుతాయి. కాబట్టి టెంటుకు ముందు పది వరుసలు, లేదా దానికి రెండు పక్కలా ఉన్న కుర్చీలు అసలైన మొదటి తరగతి. చాలాసార్లు ఇవి మధ్య రేటు బ్లాకులోనే పడతాయి. టెంటుకు సరిగ్గా వెనక మాత్రం తీసుకోకండి. శబ్దం బాగానే ఉంటుంది కానీ టెంటు, లైట్ల స్టాండ్లు అడ్డమొచ్చి స్క్రీన్లే దిక్కవుతాయి.

ఫ్యాన్ పిట్ సంగతి వేరు. పైన వేలాడదీసిన లైన్ అర్రే బాక్సులు (ఒకదాని కింద ఒకటి తగిలించిన స్పీకర్లు) దూరంగా ఉన్నవాళ్ల వైపు గురిపెట్టి ఉంటాయి. స్టేజీ అంచున ఉన్నవాళ్లకి వాటి శబ్దం తలమీదుగా వెళ్లిపోతుంది. వాళ్లకి ఎక్కువగా వినపడేది కింద పేర్చిన, బేస్ మోగించే సబ్‌ వూఫర్లు, స్టేజీ మీది డ్రమ్స్. ముందు వరుస కోసం స్టేజీ అంచున చిన్న బాక్సులు పెట్టని నిర్వాహకులైతే గాయకుడు రెండడుగుల దూరంలో ఉన్నా మాట అర్థం కాదు. ఇక బేస్. సబ్‌లను స్టేజీకి రెండు పక్కలా పెడితే సరిగ్గా మధ్య గీత మీద అది దంచేస్తుంది, కాస్త పక్కకు జరిగితే కొన్ని స్వరాలు మాయమవుతాయి, ఇంకాస్త జరిగితే మళ్లీ వస్తాయి. అందుకని బేస్ బాగాలేదని తిట్టుకునే ముందు పది అడుగులు పక్కకు నడిచి చూడండి.

ఈ స్టేడియానికి తనదైన చిక్కు ఒకటుంది. ఇది పరుగుల కోసం కట్టిన మైదానం, చుట్టూ 400 మీటర్ల ట్రాక్. స్టేజీ ఒక కొసన వేస్తే ఎదుటి గ్యాలరీ 150 మీటర్ల అవతల ఉంటుంది. వెచ్చటి రాత్రి శబ్దం సెకనుకు సుమారు 345 మీటర్లు వెళ్తుంది. అంటే ఎదుటి కాంక్రీటు మెట్లకు తగిలి తిరిగి పిట్ దాకా రావడానికి సెకను కంటే కాస్త తక్కువ సమయం పడుతుంది. తబలా, మృదంగం వేగంగా నడిచేచోట ఆ ప్రతిధ్వని తరవాతి దెబ్బల మీద వచ్చి పడి, మొత్తం కలగాపులగంగా వినపడుతుంది. నెమ్మదైన మెలొడీలు తట్టుకుంటాయి, తనియావర్తనం (మృదంగం లాంటి తాళవాద్యాలు మాత్రమే మోగే భాగం) తట్టుకోదు. ఎదుటి గ్యాలరీ నిండా జనం ఉంటే ఒంట్లూ బట్టలూ శబ్దాన్ని పీల్చుకుని గోల తగ్గుతుంది. టికెట్లు అమ్ముడుపోక ఆ మెట్లు ఖాళీగా ఉన్న రోజున ఎంత గొప్ప ఇంజినీరైనా చేయగలిగింది తక్కువ.

వెనక గ్యాలరీ కొన్నారా? మైదానం మధ్యలో డిలే టవర్లు (వెనకవాళ్ల కోసం స్పీకర్లు కట్టిన స్తంభాలు) ఉన్నాయో లేదో చూడండి. స్టేజీ బాక్సుల శబ్దం వంద మీటర్లు రావడానికి దాదాపు 0.29 సెకను పడుతుంది. డిలే బాక్సులను అంతే ఆలస్యంగా మోగించాలి. ఆ లెక్క తప్పితే ప్రతి మాటా రెండుసార్లు వినపడుతుంది. పట్టేయడానికి సులువైన దారి: ట, క లాంటి అక్షరాల మీద శ్రద్ధ పెట్టండి. అవి జంటగా వినపడితే డిలే కుదరలేదన్నమాట. టవర్ ఉన్నా లేకపోయినా అంత దూరంలో స్క్రీన్ మీద పెదాలు ముందు కదులుతాయి, పాట తరవాత వస్తుంది. రెండు గంటలు అలా చూడటం విసుగు. ఆ టికెట్ డబ్బుతో ఇంట్లో మంచి హెడ్‌ఫోన్స్ వస్తాయి.

మొదటి రెండు పాటలకే తీర్పు చెప్పేయకండి. సౌండ్ చెక్ మధ్యాహ్నం, ఖాళీ మైదానంలో, ఎండలో జరుగుతుంది. రాత్రికి జనం నిండాక, గాలి చల్లబడ్డాక అంతా మారిపోతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచు తేమకు తబలా, మృదంగం చర్మాల శ్రుతి జారుతుంది, చల్లగాలికి వేణువు శ్రుతి దిగుతుంది. పాటకీ పాటకీ మధ్య వాద్యకారులు శ్రుతి సరిచేసుకుంటుంటే అది అశ్రద్ధ కాదు, తప్పనిసరి పని. మూడో పాట తరవాత కూడా గొంతు వాద్యాల కింద మునిగే ఉంటే మాత్రం తప్పు మిక్సింగ్‌ది.

సమయం విషయంలో చాలామంది మోసపోతారు. శబ్ద కాలుష్య నియమాల (2000) ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్లు మోగకూడదు. రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేకంగా సడలిస్తేనే అర్ధరాత్రి దాకా, అదీ ఏడాదికి 15 రోజులకు మించకుండా. అందువల్ల ఆరున్నరకు మొదలవ్వాల్సింది ఏడున్నరకు మొదలైతే ఆ గంట చివర కలవదు, పాటల జాబితాలో కోత పడుతుంది. ఎక్కువగా మీరు ఎదురుచూస్తున్న పాటలే మెడ్లీలోకి (పాటల ముక్కల కలగలుపులోకి) వెళ్లి పల్లవితో సరిపెట్టుకుంటాయి.

బుకింగ్‌లో చూడాల్సింది పన్ను. టికెట్ ₹500 దాటితే 18 శాతం జీఎస్టీ. పోస్టర్ మీద ₹2,000 అని ఉండి పన్ను అదనం అంటే ₹2,360, ఆపైన బుకింగ్ ఫీజు, దాని మీద మళ్లీ పన్ను. వాన పడి వాయిదా వేస్తే అదే టికెట్ చెల్లుతుందా, డబ్బు తిరిగిస్తారా అన్నది షరతుల్లో ఉంటుంది, కొనే ముందే చదవాలి. 2023 ఆగస్టులో చెన్నైలో వానవల్ల ఆగిన రెహమాన్ కచేరీ సెప్టెంబరు 10న జరిగింది. ఆ రోజు టికెట్ ఉన్నా లోపలికి వెళ్లలేకపోయినవాళ్లు ఎందరో, చివరికి ఆయనే టికెట్ కాపీలు పంపమని అడగాల్సి వచ్చింది. గేటు తెరిచిన మొదటి గంటలోనే లోపలికి వెళ్లమనడానికి అంతకంటే కారణం అక్కర్లేదు.

పిట్‌లో నిలబడేవాళ్లకు ఒక హెచ్చరిక. చదరపు మీటరుకు ఐదుగురు దాటారంటే జనం తమంతట తాము కదలలేరు, గుంపు ఎటు తోస్తే అటే. చేతులు ఛాతీ ముందు పెట్టుకుని, పాటల మధ్య ఏటవాలుగా పక్కకు జరుగుతూ బయటపడాలి, ఎదురు నడవకూడదు. చెవుల మాటకొస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో పెట్టిన హద్దు పావుగంట సగటున 100 డెసిబెల్స్. ఫోను యాప్ అంతకు మించి చూపిస్తుంటే సబ్‌ల దగ్గర నుంచి జరగండి. దూది వద్దు, నురగ ప్లగ్గులు పైస్థాయి స్వరాలను మింగేస్తాయి; సంగీతకారులు వాడే ఫిల్టర్ ప్లగ్గులైతే పాట పాటలాగే ఉండి శబ్దం మాత్రం తగ్గుతుంది. పిల్లలకు ఇయర్ మఫ్స్ తప్పనిసరి.

తిండి గురించి చెప్పుకోవడానికేం లేదు. తిని వెళ్లండి. నగదు లేని రిస్ట్‌బ్యాండ్ పద్ధతైతే అందులో డబ్బు కొంచెం కొంచెంగానే వేయించుకోండి, మిగిలింది వెనక్కి రావడానికి రుసుము, గడువు ఉండొచ్చు. వేలమంది ఒకేసారి ఫోన్లు తీస్తే నెట్‌వర్క్ చతికిలబడుతుంది. టికెట్ ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి, యూపీఐ పనిచేయకపోతే చేతిలో కొంత నగదు ఉండాలి, విడిపోతే ఎక్కడ కలుసుకోవాలో గేటు నంబరుతో సహా అనుకోవాలి. పవర్ బ్యాంకు, గొడుగు, సీసా గేటు దగ్గరే ఆగిపోతాయి.

స్టేడియానికి ఆనుకుని మెట్రో లేదు. దగ్గరిది రాయదుర్గం, నడిచి వెళ్లే దూరం కాదు. చివరి రైలు రాత్రి 11 ప్రాంతం, ఆ రోజు సమయం ముందే చూసుకోండి. పదికి ప్రోగ్రాం అయితే గేటు దాటడానికే అరగంట పోతుంది. రైలే కావాలంటే చివరి పాట వదులుకోవాల్సిందే. క్యాబ్ అనుకుంటే గేటు ముందు బుక్ చేయకండి, డ్రైవర్ ఆ రద్దీలోకి రాడు, వచ్చినా మీరు అతన్ని కనిపెట్టలేరు. ఒక కిలోమీటరు నడిచి మెయిన్ రోడ్డు మీద ఒక పెట్రోలు బంకో ఆస్పత్రో గుర్తుగా పెట్టుకుని అప్పుడు బుక్ చేస్తే రేటూ తగ్గుతుంది, బండీ దొరుకుతుంది.