టర్బో సీ కోడ్‌ని డీజేజీపీపీకి మార్చడం: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

పాత డాస్ ప్రోగ్రాముల్ని 32 బిట్లకి తేవడానికి నేను ఎక్కువగా వాడింది డీజేజీపీపీనే, అంటే డాస్ మీద నడిచే జీసీసీ అనే సీ కంపైలర్. ఇప్పటికీ అదే వాడతాను, కానీ వీడియో మెమరీని నేరుగా గెలికే కోడ్ అయితే మొదట్లో బాగా ఏడిపిస్తుంది.

మన కాలేజీ ల్యాబుల్లో చాలామంది కొట్టిన లైనే తీసుకోండి, స్క్రీన్ మీద అక్షరం వేయడానికి వీడియో మెమరీ అడ్రస్ బి800:0000ని (హెక్స్‌లో, సెగ్మెంట్:ఆఫ్‌సెట్) ఫార్ పాయింటర్‌లో, అంటే ఆ రెండూ పట్టే పాయింటర్‌లో, పెట్టుకోవడం. 16 బిట్లలో సెగ్మెంట్‌ని 16తో గుణించి ఆఫ్‌సెట్ కలిపితే బి8000 వస్తుంది, పని అయిపోతుంది. డీజేజీపీపీలో "ఫార్" అనే మాటని ఖాళీ మాక్రోగా పెట్టేస్తే కంపైల్ అవుతుంది, కానీ ఆ రెండూ కలిపి రాసిన బి8000000 ఇప్పుడు మామూలు అడ్రస్, మూడు జీబీకి కాస్త ఇవతల ఎక్కడో ఉంటుంది, రన్ చేయగానే ఢమాల్. పోనీ బి8000 అని రాస్తే? అదీ కుదరదు, ఎందుకంటే ప్రోగ్రామ్ డేటా సెగ్మెంట్ బేస్ సున్నా కాదు. డాస్ మెమరీకి వేరే సెలెక్టర్ (సెగ్మెంట్‌ని సూచించే నంబర్) ఉంది, దాని ద్వారానే వెళ్ళాలి. బైటుబైటుగా పోక్ చేసే బదులు 80×25 స్క్రీన్ మొత్తం, అంటే 4000 బైట్లు, సొంత బఫర్‌లో తయారుచేసుకుని డాస్‌మెమ్‌పుట్ ఫంక్షన్‌తో ఒక్కసారే పంపడం నయం.

ఓపెన్ వాట్‌కామ్ అనే ఇంకో కంపైలర్‌లో ఈ గొడవ లేదు, బి8000 అని రాస్తే నేరుగా పనిచేస్తుంది. మరి దాన్నే ఎందుకు వాడను? అందులో డాస్/4జీడబ్ల్యూతో (32 బిట్ ప్రోగ్రామ్‌ని డాస్ మీద నడిపించే ఎక్స్‌టెండర్) నల్ పాయింటర్‌లోకి రాసినా కిక్కురుమనదు, పోయి సున్నా అడ్రస్‌లో ఉండే ఇంటరప్ట్ టేబుల్‌ని చెడగొడుతుంది, ఆ తర్వాత ఇంకెక్కడో హ్యాంగ్ అవుతుంది, కారణం వెతకలేక చావాలి. అలాంటి పనే చేసే సీడబ్ల్యూఎస్‌డీపీఎంఐ కింద డీజేజీపీపీ ప్రోగ్రామ్ అక్కడికక్కడే ఆగి, ఏ అడ్రస్‌లో పడిందో చూపిస్తుంది, సిమిఫై అనే టూల్ నడిపితే లైన్ నంబర్ కూడా వస్తుంది.

పాయింటర్లు సరిచేశాక డేటా ఫైళ్ళ సంగతి. 21 అక్షరాల పేరు, ఒక ఇంట్ ఉన్న రికార్డు టర్బో సీలో మామూలుగా 23 బైట్లు, ఇక్కడ 28. ఇంట్‌ని షార్ట్ చేసినా 24 దగ్గరే ఆగుతుంది, ఖాళీ బైట్లు వదలొద్దని చెప్పే ప్యాక్డ్ అని కూడా పెడితేనే పాత ఫైలు సరిగ్గా చదువుతుంది. ఇంకోటి, తయారయ్యేది డాస్ ప్రోగ్రామే కాబట్టి 64 బిట్ విండోస్‌లో నేరుగా నడవదు, డాస్‌బాక్స్ పెట్టుకోవాల్సిందే.