పడవ మీద లాంతరుకీ స్టవ్‌కీ ఏ నూనె మంచిది: ఏళ్ల తరబడి వాడి చూశాక

లాంతరుకి వాసన లేని పలచటి పారఫిన్ దీపపు నూనె, పంపు స్టవ్‌కి తేటగా ఉండే తెల్ల కిరసనాయిలు. యానాం దిగువన గౌతమి మీద, కోరంగి మడ కాలవల్లో, నర్సాపురం వైపు వశిష్ఠ మీద తిరిగే నాటు పడవల్లో దొరికిన ప్రతి నూనె కాల్చి చూశాక మేం చెప్పే మాట ఇది. రెండింటికీ ఒకే డబ్బా అయితే మోతబరువు తగ్గుతుంది, నిజమే. కానీ స్టవ్‌కి బాగున్న నూనె లాంతరు గ్లాసుని మసి చేస్తుంది, లాంతరుకి బాగున్నది స్టవ్‌లో పోస్తే చేతి చమురు వదులుతుంది.

సోలార్ లైట్లొచ్చాక లాంతరు అవసరం తగ్గింది. అయినా నాలుగు రోజులు ముసురు పట్టి బ్యాటరీ దిగిపోతే అక్కరకొచ్చేది లాంతరే. వంట సంగతి వేరు. గ్యాస్ గాలికన్నా బరువు. లీకైతే పడవ అడుగున చేరి అక్కడే కూర్చుంటుంది, ఎవరో అగ్గిపుల్ల గీసేదాకా తెలియకపోవచ్చు. అందుకే రాత్రిళ్లు పడవలోనే ఉండేవాళ్లకి కిరసనాయిలు స్టవ్ ఇప్పటికీ మంచిదని మా నమ్మకం.

ఇక దొరకడం. మన రాష్ట్రంలో రేషన్ కిరసనాయిలు ఆగిపోయింది కాబట్టి నీలం నూనె మీద ఆశ వదులుకోండి. ఆ నీలం రాయితీ సరుకని గుర్తుపట్టడానికి కలిపిన రంగు, అంతే. పక్కదారిలో వచ్చే నీలం నూనెలో ఏం కలిసిందో చెప్పలేం. తెల్లది కావాలంటే కాకినాడ, రాజమండ్రి, అమలాపురం లాంటి ఊళ్లలో పాత కిరసనాయిలు డీలర్లని, తర్వాత పెయింట్లూ హార్డ్‌వేరూ అమ్మే కొట్లని అడగాలి. పారఫిన్ దీపపు నూనె సీలు సీసాల్లో ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, వెల మాత్రం ఎక్కువ. మెడికల్ షాపులో ఇచ్చే లిక్విడ్ పారఫిన్ కొనకండి. అది మలబద్ధకానికి వాడే చిక్కటి నూనె, లాంతరు వత్తి దాన్ని పైకి లాగలేదు.

కిరసనాయిలుకి మన దేశంలో ఐఎస్ 1459 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం ఫ్లాష్ పాయింట్, అంటే నూనె ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే కనీస వేడి, 35 డిగ్రీలకి తగ్గకూడదు, పొగ రాకుండా మంట కనీసం 18 మిల్లీమీటర్ల ఎత్తు నిలబడాలి, చివరి చుక్క 300 డిగ్రీల లోపే మరిగిపోవాలి, గంధకం 0.25 శాతం దాటకూడదు. పడవ వాళ్లు వీటిలో మొదటిది బాగా గుర్తుపెట్టుకోవాలి. మే నెలలో రాజమండ్రిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, టార్పాలిన్ కింద మూసిన చోట ఇంకా ఎక్కువ. అంటే ప్రమాణానికి సరిపోయిన కిరసనాయిలు కూడా ఆ వేడికి అంటుకునేంత ఆవిరి వదులుతుంది. చల్లటి దేశాల్లో చేసే అగ్గిపుల్ల పరీక్ష, అదే గరిటెలో నూనె పోసి అంటుకుంటుందేమో చూడటం, ఇక్కడ చేయొద్దు. మంచి నూనె కూడా భగ్గుమంటుంది, పరీక్షకి అర్థమే ఉండదు.

కొట్లో చూడాల్సినవి వేరు. తెల్ల గాజు సీసాలో పోయించుకుని వెలుతురుకి పట్టండి. నీళ్లలా తేటగా ఉండాలి, మబ్బు పట్టినట్టుంటే తేమ ఉన్నట్టే. తెల్ల కాగితం మీద నాలుగు చుక్కలు వేసి నీడలో వదిలేయండి. మంచి నూనె మర్నాటికి దాదాపు జాడ లేకుండా పోతుంది, డీజిల్ కలిస్తే జిడ్డు వలయం మిగులుతుంది. మూత తీయగానే పెట్రోలు ఘాటు ముక్కుకి తగిలితే ఆ డబ్బా వెనక్కి ఇచ్చేయండి, బేరం వద్దు. సాంద్రత మీద ఆధారపడొద్దు. పెట్రోలూ డీజిలూ కలిపినా అంకె కిరసనాయిలు దగ్గరికే వస్తుంది.

పడవ మీద నూనెకి అసలు శత్రువు నీళ్లు. సగం ఖాళీ అయిన డబ్బాలో పగటి వేడికి గాలి బయటికి పోతుంది, రాత్రి చల్లబడగానే తడిగాలి లోపలికొస్తుంది. ఆ తేమ చుక్కలై అడుగుకి దిగుతుంది. మొగ దగ్గర, అంటే నది సముద్రంలో కలిసే చోట, తిరిగే పడవలకి దీనికి తోడు ఉప్పు తుంపర. నూనెలో నీళ్లుంటే స్టవ్ చిటపటలాడి ఎర్రమంట వేస్తుంది. లాంతరులో ఇంకా ఘోరం: వత్తి ఒకసారి నీళ్లు పీల్చిందంటే నూనెని పైకి రానివ్వదు. ట్యాంకు నిండుగా ఉన్నా మంట కునారిల్లుతూ వత్తి కొస నల్లబడుతుంటే నూనెని తిట్టకుండా ముందు వత్తి చూడండి. వత్తి తీసి మంచి ఎండలో పూర్తిగా ఆరబెట్టి, ట్యాంకు వంచి ఖాళీ చేసి తుడిచి, కొత్త నూనె పోసి పావుగంట నానాక వెలిగించండి. ఉప్పు నీళ్లు పీల్చిన వత్తి ఆరినా పనికిరాదు, మార్చేయాలి.

దీనికి మేం పాటించే పద్ధతి ఒక్కటే. కొత్త నూనెని ఒక రోజంతా కదలకుండా ఉంచి, పైనుంచి సన్నటి గొట్టంతో తీసుకుంటాం, అడుగున రెండు వేళ్ల మందం వదిలేస్తాం. గరాటులో గుడ్డ వేసి వడకడితే చెత్త ఆగుతుంది గానీ నీళ్లు ఆగవు. ఐదు లీటర్ల డబ్బా ఒకటి పెట్టుకునే బదులు లీటరు డబ్బాలు ఐదు నిండుగా పెట్టుకుంటే తేమ సమస్య సగం తీరుతుంది.

దీపపు నూనె కొనేటప్పుడు లేబుల్ మీద ఫ్లాష్ పాయింట్ చూడండి. బల్లపరుపు వత్తి ఉన్న హరికెన్ లాంతరుకి 50 నుంచి 65 డిగ్రీల మధ్య ఉన్నది సరిగ్గా సరిపోతుంది. 90 దాటినవి చిక్కగా ఉంటాయి. బల్ల మీద పెట్టుకునే సన్నటి గుండ్రటి వత్తి దీపాలకి అవి బాగుంటాయి గానీ, హరికెన్‌లో ట్యాంకు సగానికి తగ్గగానే మంట కుంగుతుంది, వత్తి మాడుతుంది. సరైన రకం పోస్తే తేడా ఒక్క రాత్రిలోనే తెలుస్తుంది. కిరసనాయిలుతో పొద్దున్నే గ్లాసు లోపల బూడిదరంగు పొర పడుతుంది, దీంతో గ్లాసు గుడ్డతో ఒక్కసారి తుడిస్తే మెరుస్తుంది. మూసిన గూటిలో పడుకునేవాళ్లకి కమురు వాసన లేకపోవడం పెద్ద సుఖం. చిన్న హరికెన్ గంటకి 20 మిల్లీలీటర్లకి కాస్త ఎక్కువ తాగుతుంది, కాబట్టి పావు లీటరుతో రాత్రంతా గడుస్తుంది. వెల ఎక్కువైనా ఇంత కొంచెం వాడకానికి అది భారం కాదు.

పెట్రోమాక్స్ లైటుకి ఈ దీపపు నూనె దండగ. లీటరు ట్యాంకు సుమారు ఎనిమిది గంటల్లో ఖాళీ చేస్తుంది, దానికి తెల్ల కిరసనాయిలే చాలు.

పంపు స్టవ్ నూనెని ఆవిరి చేసి కాలుస్తుంది. నూనెలో బరువైన భాగం ఎక్కువుంటే బర్నర్ గొట్టంలో మాడి బొగ్గు కడుతుంది, ఆ పొట్టు వచ్చి నిప్పిల్‌లో, అంటే ఆవిరి బయటికొచ్చే సన్నటి రంధ్రంలో, ఇరుక్కుంటుంది. రోజూ పిన్ను వేయాల్సి వస్తోందంటే తప్పు స్టవ్‌ది కాదు, నూనెది. ట్యాంకు ముప్పాతిక దాకా నింపి, గాలి స్క్రూ తెరిచి, బర్నర్ కింద ఉండే చిన్న గిన్నె నిండా స్పిరిట్ పోసి వెలిగించాలి. స్పిరిట్ ఆరిపోతుందనగా స్క్రూ బిగించి నాలుగైదు సార్లు పంపు కొడితే నీలిమంట వస్తుంది. పచ్చమంట ఎగిసిందంటే బర్నర్ చాలినంత వేడెక్కలేదు. వెంటనే గాలి వదిలి, చల్లారాక మళ్లీ మొదలుపెట్టాలి, పంపు కొడుతూ పోతే నూనె చిమ్ముతుంది. స్పిరిట్ బదులు కిరసనాయిలు గుడ్డతో వేడిచేస్తే బర్నరంతా మసి. దీపపు నూనె పోసినా స్టవ్ మండుతుంది గానీ రెండో గిన్నె స్పిరిట్ అడుగుతుంది. పంపు తోలు వాషర్‌కి కుట్టుమిషన్ నూనె చుక్క వేయండి. కొబ్బరినూనె వేస్తే కొన్నాళ్లకి బంకలా తయారవుతుంది.

వత్తుల స్టవ్ కాలవల్లో, లంకల పక్కన కట్టేసిన పడవలో హాయిగా పనిచేస్తుంది. మొగ దగ్గర పడవ ఊగితే నూనె వత్తి గొట్టాల్లోంచి పైకి పొర్లుతుంది, అక్కడ వాడొద్దు. వాడినా ట్యాంకు సగానికి మించి నింపొద్దు.

డీజిల్ కలపడం, పెయింట్ కొట్లో దొరికే టర్పెంటైన్ వాడటం చాలామంది చేస్తారు. మొదటిదానికి వత్తి గట్టిపడి పొగ పెడుతుంది, రెండోది తగలబడే తీరు ఊహించలేం. రెండూ మేం మానేశాం.

స్టవ్ వెలిగినప్పుడు టార్పాలిన్ ఒక వైపైనా ఎత్తి ఉంచాలి. లీటరు నూనె కాలితే లీటరు పైచిలుకు నీరు ఆవిరిగా వస్తుంది, బట్టలు చెమ్మగిల్లుతాయి. అంతకన్నా ముఖ్యం, గాలి ఆడకపోతే విషవాయువు చేరుతుంది, దానికి వాసన ఉండదు. డబ్బాలు స్టవ్‌కి దూరంగా, నీడలో, తడి గోనె కప్పి ఉంచండి. మంటలంటుకుంటే నీళ్లు పోయకండి, నూనె నీటి మీద తేలి మంట పడవ అడుగంతా పాకుతుంది. బాగా పిండిన తడి గోనె మూయండి, లేదా పొడి రకం ఆర్పే సిలిండర్ చేతికందేలా పెట్టుకోండి. డబ్బా మూత కింద మామూలు రబ్బరు వాషర్ ఉంటే కిరసనాయిలుకి ఉబ్బి సీలు వదిలేస్తుంది. నూనెకి ఉబ్బని నైట్రైల్ రబ్బరు వాషరో కార్కు బిళ్లో వేయించుకోండి.