జేజినాయన పేరు కోసం సింగపూరు దాకా

మా నాయనకు ఎనభై మూడేళ్లు. నాయన మా జేజి (నాయనమ్మ) కడుపులో ఉండగానే జేజినాయన (తాత) మద్రాసు సాపర్లలో, అంటే బ్రిటిషువాళ్ల సైన్యంలోని ఇంజనీరింగు దళంలో, మలయాకు పోయినాడు, తిరిగి రాలేదు. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు జపాను చేతికి పోయింది. ఇంట్లో మిగిలింది జేజికి వచ్చిన పింఛను కాగితం ఒక్కటే.

ఆ కాగితం మీది సర్వీసు నంబరే మాకు దారి చూపింది. యుద్ధంలో పోయిన సిపాయిల పేర్లు, సమాధుల లెక్క చూసే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో పేరుతో నెల రోజులు వెతికినా దొరకలేదు. ఆ కాలపు గుమాస్తాలు మన పేర్లను చెవికి ఎట్లా వినపడితే అట్లా రాసుకున్నారు. నంబరు కొడితే ఒక్క నిమిషంలో వచ్చింది: తండ్రి పేరు, మా ఊరు, అనంతపురం, సింగపూరులోని క్రాంజి యుద్ధ స్మారకంలో పేరు చెక్కిన కాలమ్ నంబరు. మీ ఇంట్లో పాత కాగితాలుంటే ముందు నంబరు చూడండి.

అనంతపురం నుంచి విమానానికి బెంగుళూరే సులువు. దేవనహళ్లి మన హైవే మీదే, ఊళ్లోకి పోయే పని లేదు. వీసా ఏజెంటు ద్వారా చేయించుకోవచ్చు. పెద్దవాళ్లుంటే టికెట్టు కొనేటప్పుడే వీల్‌చైరు అడగండి. సింగపూరులో వీల్‌చైరు తోసిన పిల్లోడు నాయనను టాక్సీలో కూర్చోబెట్టిందాకా వదల్లేదు.

బస మాత్రం మొదట తప్పినాం. సెరంగూన్ రోడ్డు పక్క సందులో, లిఫ్టు ఉందని చెప్పిన లాడ్జిలో మూడో అంతస్తుకు మెట్లే. రెండు రాత్రులు నాయన మోకాళ్లు పట్టుకుని ఎక్కినాడు. మూడోనాడు ఫారర్ పార్క్ మెట్రో దగ్గరికి మారినాం. అద్దె ఎక్కువే, అయినా మొదటే అక్కడ దిగాల్సింది. తిండికి కోమల విలాస్ ఉంది, నాయనకు ఇడ్లీ దిగులు లేదు.

ఆ ఫారర్ పార్కులోనే ఫిబ్రవరి 17న నలభై వేలకు పైగా మన సిపాయిలను తెల్లవాళ్ల నుంచి విడదీసి జపానుకు అప్పగించారు. ఆజాద్ హింద్ ఫౌజులో చేరమని పిలిచిందీ అక్కడే. చేరనివాళ్లు బందీలుగానే ఉండిపోయారు, వాళ్లలో ఎందరినో ఓడలెక్కించి న్యూగినీ వైపు కూలిపనికి పంపారు. తెల్ల సిపాయిలు పోయింది చాంగీ బందీల శిబిరానికి. అందుకే చాంగీ మ్యూజియం ఎంత శ్రద్ధగా పెట్టినా, మనవాళ్ల కోసం పోయినవాళ్లకు వెలితిగా ఉంటుంది. ఒక్క పూటే ఉంటే నేరుగా క్రాంజికి పోండి.

క్రాంజి మెట్రో నుంచి నడవొచ్చు కానీ ముసలివాళ్లతో టాక్సీయే మేలు. స్మారకం గుట్ట మీద ఉంది, మెట్లెక్కాలి, ఎండ గట్టిగా కాస్తుంది, నీళ్లు తీసుకుపోండి. టికెట్టు లేదు. సమాధి దొరకనివాళ్ల పేర్లు ఇరవై నాలుగు వేలకు పైగా గోడల మీద చెక్కారు, రెజిమెంటుల వరసన. కాలమ్ నంబరు రాసుకుని పోకపోతే చాలాసేపు తిరగాల్సి వస్తుంది.

జేజినాయన పేరు నాయన చేతికి రెండు వరసలు పైన ఉంది. కాళ్ల వేళ్ల మీద లేచినా అందలేదు. చేతికర్ర నాకిచ్చి, నా భుజం పట్టుకుని మళ్లీ చాచినాడు. ఈసారి చివరి అక్షరం కింది గీత దాకా వేలు పోయింది. ఇంగ్లీషు రాదు ఆయనకు. "ఇంటిపేరు ఏదిరా?" అన్నాడు. "లేదు నాయనా, పేరొక్కటే." "మీ జేజి చూసింటే చెప్పుండేది, ఆయనేనని" అన్నాడు, వేలు తీయకుండా.

టాక్సీని కింద ఆపిపెట్టుకోకండి. మేము అరగంట అనుకున్నాం, మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చున్నాం.